యూరప్ దేశాల మధ్య ఏటా జరిగే యూరోవిజన్ పాటల పోటీ గెలిచిన గాయని ఎవరైనా రాజకీయాల్లోకి వెళ్లారా?

వెళ్లారు. నాకు వెంటనే గుర్తొచ్చేది ఐర్లాండ్ గాయని డానా. అసలు పేరు రోజ్‌మేరీ. 1951లో లండన్‌లో పుట్టినా, పెరిగింది ఉత్తర ఐర్లాండ్‌లోని డెర్రీలో. 1970లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన యూరోవిజన్‌ను గెలిచేనాటికి ఆమె ఇంకా 18 ఏళ్ల స్కూల్ అమ్మాయి. ఐర్లాండ్‌కు అదే తొలి గెలుపు.

నాకు ఆసక్తిగా అనిపించేది 1997 సంగతి. ఐర్లాండ్ అధ్యక్ష పదవికి పోటీ చేయాలంటే 20 మంది పార్లమెంటు సభ్యుల మద్దతు కావాలి, లేదా నాలుగు స్థానిక కౌన్సిళ్లు పేరు ప్రతిపాదించాలి. ఏ పార్టీ అండా లేని డానా ఈ రెండో దారి పట్టారు. అప్పటిదాకా ఎవరూ ఆ దారిలో బరిలోకి దిగలేదు. మేరీ మెక్అలీస్ గెలిచారు, డానా ఐదుగురిలో మూడో స్థానంలో నిలిచారు. పాటలు పాడే ఆవిడకు ఓట్లెవరేస్తారులే అనుకున్నవాళ్లకు అది షాకే!

ఆ ఊపులోనే 1999లో కొనాక్ట్–అల్స్టర్ నియోజకవర్గం నుంచి స్వతంత్రురాలిగా యూరోపియన్ పార్లమెంటుకు ఎన్నికయ్యారు. ఆమెది గట్టి క్యాథలిక్ సంప్రదాయవాదం, గర్భస్రావానికి పూర్తి వ్యతిరేకి. అందుకే అభిమానులెందరో, విమర్శకులూ అంతమంది. 2004లో సీటు పోయింది. 2011లో మళ్లీ అధ్యక్ష ఎన్నికల్లో నిలబడ్డారు కానీ 3 శాతం ఓట్లు కూడా రాలేదు.