ఆకుల్ని కాదు, స్ట్రోమాను చూడమ్మాయ్

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నెల్లూరులో పెథాలజిస్టుగా నీ బల్ల మీదికి పరీక్షకు మొదటి ఫిల్లోడ్స్ గడ్డ వచ్చిందన్నావు. రొమ్ము గడ్డల్లో నూటికి ఒకటి కూడా ఉండదది. తొందరపడి రిపోర్టు రాయొద్దు.

ముందు ఫార్మలిన్, అదే గడ్డ కుళ్లకుండా కాపాడే ద్రవం, సంగతి. గడ్డకు పదింతలు, 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్ ఉండాలి. పిడికిలంత గడ్డను కోయకుండా డబ్బాలో పడేస్తే పైన గట్టిపడి లోపల కుళ్లుతుంది, మన ఎండల్లో మరీ త్వరగా. కుళ్లిన కణాల్లో మైటోసిస్ (కణవిభజన) లెక్క చెల్లదు. వచ్చిన వెంటనే కోత అంచు తెలిసేలా చుట్టూ ఇంకు పూసి ఆరనిచ్చి, సెంటీమీటరు లోపు మందాన కోసి, ముక్కల మధ్య గాజుగుడ్డ పెట్టి నానబెట్టు.

గడ్డ పొడవులో సెంటీమీటరుకు కనీసం ఒక బ్లాకు (మైనంలో పోతపోసే ముక్క) తియ్యి. మాంసంలా కనిపించేచోట, ఇంకుకు దగ్గర్లో ఇంకొన్ని తియ్యి. ఒకే గడ్డ ఒక మూల ఫైబ్రోఅడినోమాలా (హానిలేని మామూలు రొమ్ము గడ్డ), మరో మూల సార్కోమాలా (బంధన కణజాలపు క్యాన్సర్) ఉండగలదు. టెక్నీషియన్ విసుక్కున్నా సరే, ఇక్కడ పిసినారితనం పనికిరాదు.

స్లైడులో ఆకు ఆకారాలు చూసి ఫిల్లోడ్స్ అని తేల్చెయ్యకు, ఫైబ్రోఅడినోమాలోనూ అలాంటివి కనిపిస్తాయి. తేల్చేది స్ట్రోమా, అంటే గ్రంథుల మధ్యనుండే బంధన కణజాలం: కణాలు ఎంత ఒత్తుగా ఉన్నాయి, కేంద్రకాలు ఎంత వికారంగా ఉన్నాయి, అంచు నెడుతోందా, చొచ్చుకుపోతోందా. తక్కువ పవర్‌లో ఒక ఫీల్డంతా (మైక్రోస్కోపులో ఒకసారి కనిపించే మేర) ఎపిథీలియం, అంటే గ్రంథుల లోపలి పొర, లేకుండా స్ట్రోమాయే నిండితే జాగ్రత్తపడు. మైటోసిస్‌లు బాగా ఎక్కువున్న చోటే లెక్కపెట్టు. 10 హై పవర్ ఫీల్డుల్లో 5 లోపైతే బినైన్ (హానిలేని) వైపు, 5 నుంచి 9 అయితే బోర్డర్‌లైన్, 10 లేదా అంతకుమించితే మాలిగ్నెంట్ (క్యాన్సర్) వైపు. అయితే ఫీల్డు వెడల్పు మైక్రోస్కోపును బట్టి మారుతుంది; చదరపు మిల్లీమీటరుకు లెక్కిస్తే ఆ హద్దులు 2.5, 5. ఆ ఒక్క అంకె మీదే గ్రేడు ఇవ్వకు, మిగతావన్నీ కలిపి చూడు.

సూదితో తీసే కోర్ బయాప్సీలో సన్నని పోగే వస్తుంది. అందులో తేలకపోతే 'ఫైబ్రోఎపిథీలియల్ గడ్డ, ఫిల్లోడ్స్ కాదనలేం, మొత్తం తీసి చూడాలి' అని రాయి. ఒట్టి స్పిండిల్ (కదురులాంటి) కణాలే కనిపిస్తే మెటాప్లాస్టిక్ కార్సినోమా, అంటే ఎపిథీలియం నుంచే పుట్టి రూపు మార్చుకున్న క్యాన్సర్, కావచ్చు. దాన్ని పట్టిచ్చే సైటోకెరటిన్‌లు, పి63 అనే స్టెయిన్లు చేయకుండా సార్కోమా అనకు.

మార్జిన్‌ను, అంటే గడ్డకూ కోత అంచుకూ మధ్య దూరాన్ని, మిల్లీమీటర్లలో రాయి, సర్జన్ దాన్నిబట్టే మళ్లీ కొయ్యాలో లేదో చూస్తాడు. మాలిగ్నెంట్ అయితే ఊపిరితిత్తులు చూడమను. అది రక్తంలో పోతుంది, చంకలో గ్రంథులకు పాకడం అరుదు.

రోగి తరఫువాళ్లు చెన్నైకి వెళ్తామంటే స్లైడులతోపాటు బ్లాకు కూడా ఇచ్చి పంపు. బ్లాకు లేకపోతే అక్కడివాళ్లు కొత్త స్టెయిన్లు వెయ్యలేరు.

ఇట్లు,
మీ పెదనాన్న