నిద్రలో ఉన్న మనిషి ఫొటో, కింద మీరు రాసిన మాట: చట్టం దేన్ని పట్టుకుంటుంది?

ప్రశ్న: నాది కర్నూలు. మొబైల్ షాపులో పని చేస్తాను. ఖాళీ దొరికితే కెమెరా పట్టుకుని వీధుల్లో ఫొటోలు తీస్తుంటాను. ఈమధ్య ఒక రాత్రి పెద్దాసుపత్రి గేటు బయట ఫుట్‌పాత్ మీద ఒక పెద్దావిడ, ఆమె పక్కన చిన్న పాప నిద్రపోతుంటే ఫొటో తీశాను. ఇద్దరి ముఖాలూ స్పష్టంగా ఉన్నాయి. ‘కన్నబిడ్డలు కాదన్నారు, రోడ్డు కాదనలేదు’ అని రాసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను. చాలామంది షేర్ చేశారు. తర్వాత ఒకతను మెసేజ్ పెట్టాడు: ‘అన్నా, మా అమ్మకు ఇల్లు లేదని నీకెవరు చెప్పినారు? మా నాయన ఆసుపత్రిలో ఉన్నాడు. లోపల ఒకరినే ఉండనిస్తారు కాబట్టి నేనుంటే, అమ్మ, నా కూతురు బయట పండుకున్నారు. ఊర్లో అందరూ నన్ను అడుగుతాండారు. తీసేయ్, లేదంటే కేసు పెడతా.’ ఇదిలా ఉంటే ఒక సేవా సంస్థ వాళ్లు అదే ఫొటోను విరాళాల ఫ్లెక్సీ మీద వేసుకుంటాం, డబ్బులిస్తాం అంటున్నారు. పబ్లిక్ ప్లేస్‌లో తీసిన ఫొటోకు ఎవరి పర్మిషనూ అక్కర్లేదని ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమేనా? పోలీసులు నా ఫోన్ తీసుకుని ఫొటోలు డిలీట్ చేయించగలరా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ పోస్టు తీసేయండి. ఇది చదవడం ఆపి అయినా సరే, ఆ పని చేయండి. అసలు ఫైలును, ఆయనతో నడిచిన మెసేజ్‌లను మాత్రం చెరపవద్దు. రేపు విషయం కోర్టు దాకా వెళితే మీరు ఏం పెట్టారో, ఎప్పుడు తీసేశారో చూపించుకోవడానికి అవి కావాలి.

మీ ఫ్రెండ్స్ చెప్పింది సగం నిజం. రోడ్డు మీద కనిపించే దృశ్యాన్ని ఫొటో తీయడమే నేరం అనే చట్టం మన దేశంలో లేదు. తీసిన ఫొటో మీద కాపీరైట్ కూడా మీదే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో తీసినవాడే దాని కర్త. అయితే కాపీరైట్ ఉన్నంత మాత్రాన ఫొటోలోని మనిషి మీద మీకు హక్కు వచ్చినట్టు కాదు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. మనిషి నలుగురు తిరిగే చోట ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదని కూడా ఆ తీర్పులో ఉంది. అంతకు ముందే, హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్‌కూ కెనరా బ్యాంకుకూ మధ్య నడిచిన కేసులో, గోప్యత మనుషులకు సంబంధించినదే గానీ స్థలాలకు కాదని అదే కోర్టు చెప్పింది. ఫుట్‌పాత్ మీద పడుకున్నవాళ్ల విషయంలో ఈ మాటకు చాలా బరువుంది. మనం తలుపు వేసుకుని నిద్రపోతాం. వాళ్లకు వేసుకోవడానికి తలుపు లేదు. అంత మాత్రాన వాళ్ల నిద్ర ఊరందరి సొత్తు అయిపోదు.

ప్రాథమిక హక్కులు ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేసేవి కాబట్టి, ఒక్క పుట్టస్వామి తీర్పును పట్టుకుని మీ మీద కేసు గెలవడం సులభం కాదు. మీకు అసలు ప్రమాదం ఫొటో కింద రాసిన వాక్యంలో ఉంది.

‘కన్నబిడ్డలు కాదన్నారు’ అన్నారు. అంటే ఆ కొడుకు తల్లిని రోడ్డున పడేశాడని మీరు ఊరందరికీ చెప్పారు. ఇది ఉత్త నింద కూడా కాదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోని 24వ సెక్షన్ ప్రకారం, అరవై ఏళ్లు నిండిన మనిషిని చూసుకోవాల్సిన వ్యక్తి పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెడితే మూడు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నాన్న మంచం పక్కన కూర్చుని రాత్రంతా మేలుకున్న మనిషికి మీ వాక్యం ఒక నేరాన్ని అంటగట్టింది. ఆయన కోపంలో న్యాయం ఉంది.

పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ పరువు నష్టం గురించి చెబుతుంది. రెండేళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజ సేవ శిక్షగా వేయవచ్చు. ‘నేను పేరు రాయలేదు కదా’ అనే వాదన నిలవదు. తల్లి ముఖం చూసి ఊరివాళ్లు కొడుకును గుర్తుపట్టారు, అది చాలు. ‘మంచి ఉద్దేశంతోనే రాశాను’ అన్నా లాభం తక్కువ. చట్టం దృష్టిలో సదుద్దేశం అంటే తగినంత జాగ్రత్త తీసుకుని చేసిన పని. మీరు ఆమెను ఒక్క మాట కూడా అడగలేదు. ఇందులో పోలీసులు వారంట్ లేకుండా అరెస్టు చేయలేరు. బాధితుడే మేజిస్ట్రేట్ ముందు ఫిర్యాదు వేసుకోవాలి. ఇది కాక, రాతపూర్వక పరువు నష్టానికి పరిహారం కోరుతూ ఏడాదిలోపు సివిల్ దావా వేయడానికి కూడా ఆయనకు వీలుంది.

మన ఊళ్లో వీధి ఫొటోలు తీసే కుర్రాళ్లందరూ దీని గురించి ఆలోచించాలి. పెద్దాసుపత్రికి ఆదోని, ఎమ్మిగనూరు, నంద్యాల, గద్వాల, రాయచూరు వైపు నుంచి కూడా రోగులు వస్తారు. వెంట వచ్చినవాళ్లు లాడ్జి ఖర్చు భరించలేక గేటు దగ్గరే దుప్పటి పరుచుకుంటారు. బస్టాండులో మూటలతో పడుకున్న కుటుంబాల్లో కోసిగి, మంత్రాలయం వైపు నుంచి మిరప కోతలకు గుంటూరు పోయేవాళ్లు చాలామంది. వీళ్లందరికీ ఊళ్లో ఇల్లుంటుంది. వానలు లేకనో, జబ్బు వచ్చో ఆ ఇంటికి తాళం వేసి వచ్చారు. నిజంగా నిలువ నీడ లేనివాళ్లూ అక్కడే ఉంటారు. దూరం నుంచి చూసి ఎవరు ఎవరో చెప్పడం కుదరదు. అడిగితే ఒక నిమిషంలో తెలుస్తుంది.

మీరు ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్నారు కాబట్టి మీకు తెలిసే ఉంటుంది, 1936లో కాలిఫోర్నియాలో అమెరికన్ ఫొటోగ్రాఫర్ డొరోథియా లాంగ్ తీసిన వలస తల్లి ఫొటో. ఆమె ఆ తల్లి పేరు అడగలేదు. తిండి కోసం కారు టైర్లు అమ్ముకున్నారని ఫొటోతో పాటు రాసింది. అది నిజం కాదని ఆ కుటుంబం తర్వాత చెప్పింది. ఆ తల్లి ఫ్లోరెన్స్ థాంప్సన్ దశాబ్దాల తర్వాత పత్రికల ముందుకు వచ్చి, ఆ ఫొటో వల్ల తనకు ఏమీ దక్కలేదని బాధపడింది. అంత గొప్ప ఫొటోకే ఆ మచ్చ మిగిలింది.

ఇక పాప సంగతి. బాలల న్యాయ చట్టం 2015 ప్రకారం ఇల్లూ, బతుకుదెరువూ లేకుండా కనిపించే పిల్లలు, వీధుల్లో బతికే పిల్లలు ‘సంరక్షణ అవసరమైన బాలలు’. అలాంటి పిల్లల్ని గుర్తుపట్టే వివరాలు, ఫొటోలు ప్రచురించరాదని 74వ సెక్షన్ అంటుంది. తప్పితే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ సెక్షన్ విచారణల వార్తల సందర్భంలో రాసినదని వాదించవచ్చు. ఆ వాదన మీద ఆధారపడమని మాత్రం నేను సలహా ఇవ్వను. మీరు రాసింది నిజమైతే ఆ పాప ఫొటో వేయకూడదు. అబద్ధమైతే ఆ మాటే రాయకూడదు. రెండు వైపులా మీరే ఇరుక్కుంటారు. నిజంగా దిక్కులేకుండా కనిపించే పిల్లలెవరైనా ఎదురైతే కెమెరా పక్కన పెట్టి పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. తప్పిపోయిన, వదిలేసిన పిల్లల గురించి 24 గంటల్లో తెలియజేయడం చట్టం పెట్టిన బాధ్యత.

రోడ్డు పక్క కుళాయి దగ్గర స్నానం చేస్తున్న ఆడవాళ్ల ఫొటోలు తీయనే వద్దు. చోటు పబ్లిక్‌దైనా, అనుమతి లేకుండా ఒంటి గుప్త భాగాలను ఫొటో తీయడాన్ని శిక్షించే ఐటీ చట్టం 66ఇ సెక్షన్ వర్తించవచ్చు, ఆడవాళ్లను చాటుగా చూడడం, ఫొటో తీయడం గురించి న్యాయ సంహితలో 77వ సెక్షన్ కూడా ఉంది.

ఫ్లెక్సీకి ఒప్పుకోకండి. 1994లో రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు, ఒక మనిషి పేరునో రూపాన్నో అనుమతి లేకుండా ప్రకటనకు గానీ వేరే దేనికి గానీ వాడితే అది గోప్యతను ఉల్లంఘించడమే అంది. సేవా సంస్థ అయినంత మాత్రాన మినహాయింపు లేదు. పైగా మీకు డబ్బు ముడుతుంది కాబట్టి మీ పరిస్థితి ఇంకా బలహీనపడుతుంది. ఇకముందు ఎవరి ఫొటో అయినా అలా వాడాలంటే, మనిషి మేలుకుని ఉన్నప్పుడు ఎక్కడ వేస్తారో, ఎందుకో, ఎంత ఇస్తారో తెలుగులో చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకోండి. చేతిలో యాభై రూపాయలు పెట్టి ఒప్పుకున్నట్టు భావించడం అనుమతి కాదు. మతి స్థిమితం లేనట్టు కనిపించేవాళ్ల దగ్గర ఆ కాగితం కూడా పనికిరాదు. అలాంటివారు తిరుగుతుంటే రక్షణలోకి తీసుకోవాల్సిన బాధ్యత 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం పోలీసులది. స్టేషన్‌కు చెప్పండి.

ఫోన్ సంగతికొస్తే, దారిన పోయేవాళ్లకు దాన్ని లాక్కునే హక్కు లేదు. నేరంతో సంబంధం ఉందని అనుమానం ఉంటే పోలీసులు భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 106వ సెక్షన్ కింద స్వాధీనం చేసుకోవచ్చు, ఆ విషయం మేజిస్ట్రేట్‌కు తెలపాలి. అక్కడికక్కడే డిలీట్ చేయమని బలవంతపెట్టే అధికారం ఆ సెక్షన్‌లో లేదు.

ఆయనకు ఇవాళే ఫోన్ చేయండి. పోస్టు తీసేశానని, ఆ మాట తెలియక రాశానని చెప్పి క్షమాపణ అడగండి. ముందు ఆయన తండ్రి ఆరోగ్యం ఎలా ఉందో కనుక్కోండి. ఆయన ఒప్పుకుంటే, ఫొటో లేకుండా, పేర్లు లేకుండా, నేను రాసింది తప్పు అని ఒక సవరణ పోస్టు పెట్టండి. షేర్ చేసినవాళ్లకు కూడా తీసేయమని రాయండి. క్షమాపణతో కేసు దానంతటదే పోదు, కానీ కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. చాలా వరకు వ్యవహారం అక్కడే సర్దుకుంటుంది. ఒకవేళ లీగల్ నోటీసు వస్తే పక్కన పడేయకండి. అందులో ఇచ్చిన గడువులోపు లాయర్ ద్వారా జవాబు ఇప్పించండి. ఫీజు భారమైతే జిల్లా కోర్టులో ఉండే న్యాయ సేవాధికార సంస్థను కలవండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఆదాయ పరిమితిలో ఉంటే లాయర్‌ను ఉచితంగానే ఇస్తారు.