పాఠకుల ప్రశ్నలు: సొంత చేలో కౌజుల్ని పడితే కేసవుతుందా?

ప్రశ్న: సార్, మాది ప్రకాశం జిల్లాలో మెట్ట ఊరు. మా తాత దీమం కౌజుని, అంటే మిగతా కౌజుల్ని రప్పించే ఎర పిట్టని పెంచి దాంతో చేలో కౌజుల్ని పట్టేవాడంట, ఆ బోను ఇంకా అటక మీదే ఉంది. మా బావ దాన్ని దింపి, ఫారెస్టులో అయితేగదా కేసు, మన చేలో మనం పట్టుకుంటే ఎవడేమంటాడు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: కాదండి. చేను మీదే, పిట్ట మీది కాదు. 1972 వన్యప్రాణి చట్టం అడవి దాకా వచ్చి ఆగిపోదు, మీ చేలకీ చెరువు గట్లకీ వర్తిస్తుంది, పైగా వేటంటే తుపాకీ ఒకటే అనుకుంటారు గానీ ఉచ్చు పెట్టినా, వల వేసినా, పట్టి బోనులో పెట్టుకున్నా, ఆఖరికి గూట్లో గుడ్లు పాడుచేసినా అదంతా వేట కిందే లెక్క. మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ. మీ తాతగారి రోజుల్లో చిన్న వేటకి, ఉచ్చులు పెట్టుకోడానికి కూడా లైసెన్సు పద్ధతి ఉండేది, 1991 సవరణతో అది పోయింది.

ఆయన పనితనాన్ని మాత్రం నేను తక్కువ చెయ్యను. మగ కౌజు తన జాగాలోకి ఇంకో మగది వస్తే ఊరుకోదు, అందుకే తెల్లారగట్ల దీమం అరవగానే ఆ చేలోది కొట్లాటకి పరిగెత్తుకొచ్చి చుట్టూ పెట్టిన వెంట్రుకల ఉరుల్లో కాలు పెట్టేస్తుంది. ఏ పొదలో ఏ జంట తిరుగుతుందో, రాత్రికి ఏ తుమ్మ ఎక్కుతుందో తెలీనివాడికి ఇది సాగదు. ఇప్పుడేమో స్పీకర్లో అరుపు పెట్టి వలేస్తున్నారు, అందులో విద్యా లేదు, నేరం మాత్రం అదే.

అలాంటి విద్య మంచికీ పనికొచ్చింది. 1900 తర్వాత జాడలేదనుకున్న కలివికోడి అనే అరుదైన పిట్ట 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్ళీ బయటపడింది కదా, దాన్ని రాత్రిపూట టార్చిలైటుతో పట్టింది ఐతన్న అనే ఊరి వేటగాడే. పాపం ఆ పిట్ట బతకలేదు, కానీ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది దానివల్లే. మీ బావకి నిజంగా తాతగారి ఓపిక ఉంటే బోను అటక మీదే ఉంచి, ఏ గట్టున ఎన్ని జంటలున్నాయో చూసి రాసిపెట్టమనండి.

ప్రశ్న: హైవే దాబాలో కౌజు ఫ్రై తిన్నాను, నేనూ దొంగనేనా?

జవాబు: భయపడకండి, దాబాల్లో కౌజు పేరుతో పెట్టేది చాలావరకు కౌజు కాదు, ఫారాల్లో పెంచే జపాన్ జాతి పూరేడు. 5, 6 వారాల్లో 150 నుంచి 200 గ్రాములు తూగుతుంది, అమ్మినా తిన్నా తప్పు లేదు. రోడ్డు పక్కన కాళ్ళు కట్టి ప్రాణంతో అమ్మేవాటి జోలికి మాత్రం వెళ్ళకండి, కొన్నవాడి మీద కూడా కేసే. ఒకవేళ గుళికల మందు కలిపిన గింజలేసి పట్టినవైతే ఆ విషం మీ కూరలోకే వస్తుంది.

ప్రశ్న: వేరుశనగ విత్తనం కౌజులు తినేస్తున్నాయి, ఏం చెయ్యాలి?

జవాబు: మొలక లేచేదాకా పొద్దున్నే, సాయంత్రం మనిషి తిరిగితే చాలు. తర్వాత అవే మీ చేలో చెదల్నీ మిడతల్నీ ఏరుకు తింటాయి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నేల మీదే, పొద మొదట్లో గుడ్లు పెడతాయి కాబట్టి ఆ రోజుల్లో గట్ల మీద కంప తగలబెట్టకండి.