బొమ్మలు వేసే ఉద్యోగం, వీసా లెక్క

“అమెరికా వచ్చి కంప్యూటర్ సైన్స్‌లో ఎం.ఎస్. చేస్తున్నాను. చిన్నప్పటి నుంచి బొమ్మలు వేస్తాను. ఇది వదిలేసి వీడియో గేముల్లో కాన్సెప్ట్ ఆర్టిస్ట్ కావాలంటే ఏ కాలేజీలో చేరాలి?” కొత్తగా వచ్చిన పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. సియాటిల్ పక్కన గేమ్ స్టూడియోల్లో చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను: ఉన్న సీటు వదలకండి. బొమ్మలూ వదలకండి.

ముందు ఆ ఉద్యోగం ఏమిటో చూద్దాం. ఇంటర్నెట్‌లో కనిపించే తళతళలాడే పెయింటింగులు చూసి అదే మా పని అనుకుంటారు. వాటిలో చాలా వరకు గేము పూర్తయ్యాక ప్రచారం కోసం వేసినవి. మా పని మేస్త్రీకి ప్లాను గీసిచ్చే పని లాంటిది. ఒక ఉదాహరణ చెబుతాను. లెవెల్ డిజైనర్ (ఆటలో ఒక్కో దశను కట్టే మనిషి) బూడిద రంగు డబ్బాలతో ఒక కోట కట్టి, “ఈ ద్వారం ఆటగాడికి చాలా దూరం నుంచే కనబడాలి, లోపలికి వెళ్లాక మాత్రం తిరిగి రాలేనేమో అని భయం వేయాలి” అంటాడు. నేను నల్లటి నీడల్లా పదిహేను, ఇరవై చిన్న బొమ్మలు వేస్తాను. ఆర్ట్ డైరెక్టర్ రెండు ఉంచి మిగతావి కొట్టేస్తుంది. ఆ రెండింటినీ డిజైనర్ కట్టిన డబ్బాల స్క్రీన్‌షాట్ మీదే మళ్లీ పెయింట్ చేస్తాను. ఒకటి ఖాయమయ్యాక అసలు చాకిరీ మొదలవుతుంది: ఏది చెక్క, ఏది ఇనుము, తలుపు ఏ వైపు తెరుచుకుంటుంది, మనిషి పక్కన నిలబడితే గడియ ఏ ఎత్తులో ఉంటుంది, వెనక నుంచి ఎలా ఉంటుంది అన్నీ రాసిన షీటు తయారుచేయాలి. దాన్ని చూసి త్రీడీ మోడల్ చేసే మనిషి పుణెలోనో బెంగళూరులోనో ఉండవచ్చు. నన్ను అడగకుండానే ఆయనకు అంతా అర్థం కావాలి. తీరా రెండు వారాలకు ఆ లెవెలే ఎత్తేశామని కబురు వస్తుంది. అందుకు బాధపడేవారు ఈ పనిలో ఎక్కువ కాలం నిలవరు.

ఇక వీసా సంగతి. గేమ్ కంపెనీల ఉద్యోగ ప్రకటనల్లో “డిగ్రీ అక్కర్లేదు, పోర్ట్‌ఫోలియో (వేసిన బొమ్మల ఫైలు) చాలు” అని ఉంటుంది. స్థానికులకు అది వరం. మనకు చిక్కంతా అక్కడే. హెచ్1బీ (ఇక్కడి కంపెనీ పిటిషన్ వేస్తే వచ్చే ఉద్యోగ వీసా) రావాలంటే ఆ ఉద్యోగానికి ఒక ప్రత్యేక విషయంలో డిగ్రీ మామూలుగా అవసరమని కంపెనీ చూపించాలి. డిగ్రీ లేకపోయినా తీసుకుంటామని తానే రాసుకున్న కంపెనీ అది ఎలా చూపిస్తుంది? అసాధ్యమని అనను కానీ, కొత్తగా చేరే జూనియర్ కోసం లాయర్లను పెట్టి అంత శ్రమ పడేవారు తక్కువ. పైగా ఏడాదికి 85 వేల వీసాలకు లాటరీ ఎలాగూ ఉంది.

చదువు మారిస్తే వచ్చే నష్టం ఇంకొకటి. కంప్యూటర్ సైన్స్ వారికి ఓపీటీ (చదువయ్యాక విద్యార్థి వీసా మీదే ఉద్యోగం చేసుకునే అనుమతి) 12 నెలలు అయ్యాక స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం కోర్సుల జాబితా) పేరుతో మరో 24 నెలలు దొరుకుతాయి. ఇలస్ట్రేషన్ లాంటి కళా కోర్సులు ఆ జాబితాలో లేవు. యానిమేషన్, గేమ్ కోర్సుల్లో కొన్ని ఉన్నాయి, కొన్ని లేవు. కోర్సు పేరు చూసి మోసపోకుండా, ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) మీద ఉండే సీఐపీ కోడ్ (కోర్సు ఏ రకమో చెప్పే సంఖ్య) ఏమిటో చేరకముందే అడిగి తెలుసుకోండి. ఎం.ఎస్. అయ్యాక ఓపీటీ వాడుకుని, ఆ తర్వాత అదే స్థాయిలో ఆర్ట్ మాస్టర్స్ చేస్తే రెండో ఓపీటీ రాదు. ఓపీటీలో మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదన్న నియమం కూడా ఉంది. 2023, 2024 సంవత్సరాల్లో ఈ పరిశ్రమలో వేల మంది ఉద్యోగాలు పోయాయి. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఒక్కటే తన గేమ్ విభాగంలో 1,900 మందిని తీసేసింది. అలా ఉద్యోగం పోయిన అనుభవజ్ఞులతో పోటీ పడి 90 రోజుల్లో మొదటి ఉద్యోగం సంపాదించాలంటే మాటలు కాదు.

అందుకే మీలాంటివారికి నేను చూపించే దారి టెక్నికల్ ఆర్టిస్ట్ పని. షేడర్లు (తెర మీద వెలుగు, రంగు ఎలా కనబడాలో చెప్పే చిన్న ప్రోగ్రాములు) రాయడం, ఆర్టిస్టుల కోసం టూల్స్ తయారు చేయడం. బొమ్మ తెలిసిన ప్రోగ్రామర్లు దొరక్క స్టూడియోలు వెతుక్కుంటాయి. కంప్యూటర్ సైన్స్ డిగ్రీకీ ఆ ఉద్యోగానికీ పొంతన ఉంది కాబట్టి వీసా కాగితాలూ నడుస్తాయి. స్టూడియోలో అడుగుపెట్టాక మీ పోర్ట్‌ఫోలియో చూసే కళ్లు అక్కడే ఉంటాయి. పేరు, అవార్డులు, పత్రికల్లో ప్రస్తావనలు సంపాదించిన ఆర్టిస్టులకు లాటరీ లేని ఓ-1 వీసా ఉంది కానీ, దానికి ఏళ్లు పడుతుంది.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చేస్తున్నాను. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉండగా అనుమతి లేకుండా ఆన్‌లైన్‌లో యాభై డాలర్లకో వంద డాలర్లకో బొమ్మలు వేసిపెట్టడం మానండి. ఇక్కడ కూర్చుని చేసిన పని ఇక్కడి పనే. డబ్బు నాన్నగారి ఖాతాలో వేయించినంత మాత్రాన అది మారదు. హెచ్1బీ మీద ఉన్నవారికీ అంతే, పిటిషన్ వేసిన యజమానికి తప్ప మరొకరికి పని చేయకూడదు. డబ్బు తీసుకోకుండా మీ కోసం మీరు ఎన్ని బొమ్మలైనా వేసుకోండి.

పోర్ట్‌ఫోలియోలో పదో పన్నెండో పేజీలు చాలు. డ్రాగన్లు, కవచం తొడిగిన అమ్మాయిలు మాకు రోజూ కనబడతారు. వరంగల్ కోటలోని కాకతీయ తోరణాన్ని తీసుకుని, దాన్ని ఎవరు ఏ రాళ్లతో ఎలా నిలబెట్టారో, శత్రువు వస్తే ఎక్కడ నక్కుతాడో గీసి చూపించిన కుర్రవాడి ఫైలు ముందు నేను ఆగిపోతాను. మొదటి చిన్న నీడ బొమ్మ నుంచి చివరి షీటు దాకా వరుసగా పెట్టండి. వదిలేసినవి కూడా ఉండాలి, ఎందుకు వదిలారో ఒక ముక్క రాయాలి. ఏఐ బొమ్మలు కలిపితే చూసేవారికి తెలిసిపోతుంది. మనిషి సృజన లేని బొమ్మకు కాపీరైటు ఇవ్వబోమని 2023లో అమెరికా కాపీరైట్ కార్యాలయం చెప్పాక చాలా స్టూడియోల లాయర్లు ఈ విషయంలో చాలా పట్టుదలగా ఉన్నారు.

ఇంకా ఇండియాలోనే ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు తొందరపడి ఇంత ఫీజు కట్టి రావద్దు. హైదరాబాద్, పుణె, బెంగళూరు స్టూడియోల్లో ప్రపంచమంతా ఆడే గేములకు పని జరుగుతోంది. విడుదలైన రెండు గేముల్లో మీ పేరు ఉంటే, ఇక్కడి ఖరీదైన డిగ్రీ కంటే నాకు అదే ఎక్కువ. కెనడా చూసుకునేవారికి లాటరీ బెడద లేదు, మాస్టర్స్ చేసినవారికి మూడేళ్ల దాకా ఓపెన్ వర్క్ పర్మిట్ దొరుకుతుంది. వాంకూవర్‌లోనూ మాంట్రియల్‌లోనూ స్టూడియోలు చాలానే ఉన్నాయి. మాంట్రియల్‌లో స్థిరపడాలంటే మాత్రం ఫ్రెంచ్ నేర్చుకోక తప్పదు, విమానం ఎక్కకముందే మొదలుపెట్టండి.