గ్రౌండు కబుర్లు: ఉక్రెయిన్‌కి అన్ని పతకాలెలా వచ్చాయి?

(పాఠకుల ఆటల సందేహాలకు ఒక రిటైర్డ్ పీఈటీ టీచరమ్మ జవాబులు)

ప్రశ్న: మేడమ్, 2022లో బీజింగ్ వింటర్ పారాలింపిక్స్ (వికలాంగుల శీతాకాల ఒలింపిక్స్) జరుగుతున్నప్పుడు ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం మొదలై పట్టుమని పది రోజులు కాలేదు. అయినా ఆ జట్టు 29 పతకాలతో చైనా తర్వాత రెండో స్థానంలో నిలిచింది. రష్యాని తప్పించారు కాబట్టే వచ్చాయని మా ఫ్రెండ్ వాదన. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: మీ ఫ్రెండ్ మాటలో కొంత నిజముంది, కాదనను. రష్యా, బెలారుస్ జట్లను ఆటలకి ఒక్కరోజు ముందు, మార్చి 3న పక్కనపెట్టారు. 2014లో సోచిలో రష్యా ఒక్కటే 80 పతకాలు ఊడ్చుకుపోయింది. అలాంటి పోటీదారు బరిలో లేకపోతే ఎవరికైనా లాభమే.

కానీ పాత లెక్కలు కూడా చూడమనండి. ఉక్రెయిన్‌కి 2006 టురిన్‌లో 25, 2010 వాంకూవర్‌లో 19, రష్యా సొంతగడ్డ సోచిలో మళ్లీ 25, 2018 ప్యాంగ్‌చాంగ్‌లో 22. పాత 25 మీద పెరిగిన నాలుగు పతకాలకి రష్యా లేకపోవడమే కారణం అనుకున్నా, అడుగునున్న ఇరవై చిల్లరకి మీవాడు ఏం కారణం చెబుతాడు?

బీజింగ్ వెళ్లింది ఇరవై మంది ఆటగాళ్లు. 29 పతకాలూ రెండే ఆటల్లో వచ్చాయి: క్రాస్‌కంట్రీ స్కీయింగ్ (మంచు మీద దూరపు స్కీ పరుగు), బయాథ్లాన్ (ఆ స్కీ పరుగు మధ్యలో ఆగి తుపాకీతో గురి కొట్టే ఆట). ఐస్ హాకీలో ఒక్కటీ లేదు, కర్లింగ్‌లో లేదు, కొండ మీంచి జారే ఆటల్లోనూ లేదు. నా సర్వీసులో ప్రతి హెడ్మాస్టరూ అన్ని ఆటలకీ టీములు పంపమనేవారే. జోనల్స్‌కి పిల్లల్ని బస్సెక్కించి తీసుకెళ్లడం, మొదటి రౌండుకే తిరిగి రావడం. ఉన్న డబ్బూ కోచ్‌లూ రెండాటల మీదే పెట్టినవాళ్లని చూస్తే నాకు అసూయ.

ఆ పట్టు వెనక ఒక మనిషి ఉన్నాడు, వలేరియ్ సుష్కెవిచ్. చిన్నప్పుడే పోలియో వచ్చింది, చక్రాల కుర్చీలోనే తిరుగుతాడు, ఈత పోటీల్లో పాల్గొన్నాడు, పార్లమెంటు సభ్యుడిగా చేశాడు. సోవియట్ యూనియన్ విడిపోయాక ఇన్వాస్పోర్ట్ పేరుతో ఒక్కో ప్రాంతంలో వికలాంగుల ఆటలకి ప్రభుత్వ కేంద్రాలు నిలబడడంలో ఆయన చెయ్యి పెద్దది. ఊళ్లో పిల్లాడికి కాలు పోతే, వాడికి ఆట నేర్పేందుకు జీతం తీసుకునే కోచ్ దగ్గర్లో ఉంటాడు. అసలు కిటుకు అదే. వాళ్ల పెద్ద శిక్షణ కేంద్రం క్రిమియాలోని యెవ్పతోరియాలో ఉండేది, 2014లో రష్యా క్రిమియాని ఆక్రమించడంతో అది చేజారింది. అయినా కింది కేంద్రాలు నడిచాయి కాబట్టి జట్టు నిలిచింది.

బీజింగ్‌లో వాళ్లేమీ మనసు రాయి చేసుకుని ఆడలేదు. ఒకమ్మాయి తండ్రి సైనికుడు, శత్రువులకి పట్టుబడ్డాడని తెలిసి ఆమె రేసు నుంచి తప్పుకుంది. ఖార్కివ్ వాసి విటాలియ్ లుక్యానెంకో 2002 నుంచి ఈ ఆటల్లో ఉన్నాడు. వెనక ఊరి మీద బాంబులు పడుతుంటే మార్చి 5న బయాథ్లాన్‌లో బంగారం కొట్టాడు. ఆ రేసులో మొదటి మూడు స్థానాలూ ఉక్రెయిన్‌వే. వీళ్ల గురించి రాసేవాళ్లంతా ‘పాపం’ దగ్గరే ఆగిపోతుంటే నాకు చిరాకు. లుక్యానెంకోకి వెనక ఇరవై ఏళ్ల రేసులున్నాయండీ.

ప్రశ్న: ఆ లుక్యానెంకోకి చూపు సరిగా లేదట కదా. మరి తుపాకీ ఎలా పేలుస్తాడు?
– గృహిణి, తాడేపల్లిగూడెం

జవాబు: చెవితో పేలుస్తాడమ్మా. చూపు సమస్య ఉన్నవాళ్ల రైఫిల్‌లో గుండు ఉండదు, గురి చూసే ఎలక్ట్రానిక్ పరికరం ఉంటుంది. చెవులకి హెడ్‌ఫోన్లు. గొట్టం గురికి దగ్గరయ్యేకొద్దీ శబ్దం హెచ్చు స్థాయికి పోతుంది. వీణ తీగ బిగిస్తూ శ్రుతి కలిసిన క్షణాన్ని పట్టుకున్నట్టు, బాగా హెచ్చిన చోట ట్రిగ్గర్ నొక్కాలి. దూరం పది మీటర్లు, ఒక్కో విడతలో అయిదు గురులు.

వినడానికి తేలికే. కానీ అప్పటిదాకా మంచు మీద పరుగుతీసి వచ్చిన మనిషికి గుండె చెవుల్లోనే కొట్టుకుంటుంటుంది! గురి తప్పితే రేసుని బట్టి అదనంగా ఒక చిన్న చుట్టు తిరగాలి, లేదా సమయానికి ఇంకొంత కలుపుతారు. దారిలో ముందు ఒక గైడ్ స్కీ చేస్తూ మలుపులూ పల్లాలూ అరిచి చెబుతుంటాడు. పతకం వస్తే అతని మెడలోనూ వేస్తారు. చాలా న్యాయం.

ప్రశ్న: టీవీలో ముందు గీత దాటినవాడికి వెండి, వెనకొచ్చినవాడికి బంగారం ఇచ్చారు. ఇదేం లెక్క?
– బ్యాంకు ఉద్యోగి, నంద్యాల

జవాబు: మీరే వడ్డీ లెక్కలు వేసేవారు కదా, ఇదీ శాతాల లెక్కే. కూర్చుని స్కీ చేసేవాళ్లలో నడుం పట్టు లేనివాడూ, పూర్తిగా ఉన్నవాడూ ఒకే రేసులో ఉంటారు. ఎక్కువ ఇబ్బంది ఉన్నవాడి సమయాన్ని, ఉదాహరణకి, 86 శాతంగా లెక్కిస్తారు. అతను పది నిమిషాలు తీసుకుంటే బోర్డు మీద 8 నిమిషాల 36 సెకన్లు పడుతుంది.

ప్రశ్న: మా పాపకి పదహారేళ్లు. చురుగ్గా పరిగెడుతుంది, చదువు మాత్రం ఎక్కదు, మేధో వైకల్యం అన్నారు డాక్టర్లు. దీప్తి జీవాంజి మా జిల్లా పిల్లే. మా పాప కూడా ఈ మంచు ఆటలకి వెళ్లగలదా?
– ఒక తల్లి, వరంగల్

జవాబు: అమ్మా, దీప్తికి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం వచ్చింది. ఆ విభాగం మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసమే. 2022 వింటర్ పారాలింపిక్స్‌లో మాత్రం అలాంటి పిల్లలకి ఒక్క పోటీ లేదు. అది నాకు నచ్చని సంగతి. అప్పటిదాకా ఆ వింటర్ ఆటలకి మన దేశ జట్టు కూడా వెళ్లలేదు.

మీ పాపకి ఇంకో దారి ఉంది, స్పెషల్ ఒలింపిక్స్. దాన్ని పారాలింపిక్స్‌తో కలపకండి, అది మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం నడిచే వేరే సంస్థ. 2025 మార్చిలో టురిన్‌లో జరిగిన వాళ్ల వింటర్ ఆటల్లో మన జట్టు 33 పతకాలు తెచ్చింది. అక్కడ ముందుగా ఒకసారి పరిగెత్తించి చూసి, దాదాపు ఒకే వేగం ఉన్నవాళ్లని ఒక గుంపుగా పెడతారు. నెమ్మదైన పిల్లకి కూడా సాటి పోటీ దొరుకుతుంది. ఆ ఆటల్లో ఫ్లోర్‌బాల్ అని ఒకటుంది, హాలులో కర్రలతో, ప్లాస్టిక్ బంతితో ఆడేది. మంచు అక్కర్లేదు. ముందు మీ ఊళ్లోని ప్రత్యేక పాఠశాలలో పీఈటీని కలిసి ‘స్పెషల్ ఒలింపిక్స్ భారత్’లో పేరు నమోదు ఎలాగో అడగండి. వైకల్య ధ్రువపత్రం, ఆధార్ నకళ్లు వెంట తీసుకెళ్లండి. పాపని కూడా తీసుకెళ్లండి, పరుగు అక్కడే చూపిస్తుంది.