కొట్టడం వేరు, కొట్టేయడం వేరు

సందేహం: అన్నా, కర్నూలు నుంచి వచ్చి బెంగళూరు మారతహళ్లిలో పీజీలో దిగి మూడు నెలలైంది. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది. అమెరికా క్లయింట్ కాల్‌లో మాత్రం గెట్, పుట్, టేక్‌ల పక్కన ఏవేవో చిన్న ముక్కలు తగిలించి మాట్లాడతారు, బుర్ర తిరిగిపోతోంది. వాటినే ఫ్రేజల్ వెర్బ్స్ అంటారట, ఆ లిస్టు బట్టీ పట్టమంటావా?

జవాబు: ఆ లిస్టు జోలికి పోకు తమ్ముడూ. 2008లో ఈ ఊరొచ్చిన కొత్తలో నేనూ బట్టీ పట్టాను. నెల తిరక్కుండానే బోల్తా పడ్డాను. ఒక బగ్ గురించి క్లయింట్ 'కెన్ యూ లుక్ ఇంటూ ఇట్?' అన్నాడు. స్క్రీన్ తెరిచి చూసి, 'ఎస్, ఐ లుక్డ్' అని మెయిల్ కొట్టి టీకి పోయాను. లుక్ ఇంటూ అంటే ఊరికే చూడటం కాదు, సంగతేమిటో ఆరా తీయడం. సాయంత్రం మేనేజర్ పీకిన క్లాసు ఇంకా చెవిలోనే ఉంది.

అయినా మనకిదేం కొత్త? 'పర్సు కొట్టేశాడు' అంటే పర్సుని బాదాడని ఏ తెలుగువాడూ అనుకోడు. మా కన్నడ ఓనర్ ఆంటీకి మాత్రం 'కొట్ట' అంటే ఇచ్చాడని! మొదలుపెట్టడం, పక్కనపెట్టడం, బయటపెట్టడం మనం లిస్టు రాసుకుని నేర్చుకున్నామా?

అందుకే వచ్చిన మెయిల్‌లోంచి వాక్యం వాక్యంగానే రాసుకో. 'టర్న్ డౌన్ ద వాల్యూమ్' అంటే తగ్గించడం. అదే మన ప్రపోజల్‌ని 'టర్న్డ్ డౌన్' అంటే రేటు తగ్గించారని సంబరపడకు, వద్దన్నారని. ఇంకొకటి, 'ఇట్' ఎక్కడ పెట్టాలో చూసుకో. టర్న్ ఆఫ్ ద లైట్, టర్న్ ద లైట్ ఆఫ్, రెండూ చెల్లుతాయి. ఇట్ వస్తే మాత్రం టర్న్ ఇట్ ఆఫ్ ఒక్కటే. లుక్ ఇంటూ అసలు విడదు, లుక్ ఇంటూ ఇట్ అనాల్సిందే.

ముందు వినడం అలవాటు కానీ, నోటికి తొందరేం లేదు. పుట్ ఆఫ్ రాకపోతే పోస్ట్‌పోన్ అను, ఎవరూ నవ్వరు. నవ్వేది 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2023' అన్నప్పుడు. ఇక్కడి ఇంటర్వ్యూల్లో అది డిగ్రీ అయిపోవడం, అమెరికావాడి చెవికి స్పృహ తప్పి పడిపోవడం. గ్రాడ్యుయేటెడ్ అను. 'కోప్ అప్ విత్' అని కూడా అనకు, ఆ అప్ మనవాళ్లు తగిలించిందే. నెగ్గుకొస్తున్నా అనడానికి కోప్ విత్ చాలు.