మీ నాన్న కంచం

అమ్మడూ,

మీ నాన్న నీచు మానేశాడట. ఇక నీ దగ్గరే ఉంటాడట, మూడు పూటలా నువ్వే వండి పెడతావట. రాత్రి వాడు ఫోన్లో చెప్పినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. గోదావరికి ఎర్రనీరు రాగానే పులస కోసం యానాం పరిగెత్తిన మనిషి! ఈ వయసులో వాడికింత పట్టుదల వచ్చినందుకు, నువ్వు నడుం కట్టినందుకు గర్వంగా ఉంది. భయంగానూ ఉంది.

పులుసు మీద యావ ఊరికే పోదు. అందుకని పులుసు మానొద్దు. అదే చింతపండు, అదే ఉల్లిపాయ ముద్ద, అవే మెంతులు. ముక్కలు మాత్రం కంద, మునక్కాడ, బెండకాయ. కంద ముందే ఉడికించు, బెండకాయ విడిగా వేయించు. సాయంత్రం కాచి మర్నాడు పెట్టు. మీల్ మేకర్ వేడినీళ్లలో నానబెట్టి గట్టిగా పిండు, వాసన పోతుంది. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండు. తినగానే టీ ఇవ్వకు, ఆకుకూరలో ఇనుము ఒంటికి పట్టదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు విను. మీ మావయ్య 1994 కార్తీకంలో మానేశారు. నెల పోతే మళ్లీ మామూలే అనుకున్నాను. అన్నం, చారు, బంగాళాదుంప వేపుడు. అంతకు మించి ఆలోచించలేదు. ఇంట్లో ఉలవలు, అలసందలు ఉండి కూడా నానబెట్టలేదు. సంక్రాంతికల్లా ఆయన చొక్కా వదులైంది. పొలం నుంచి వచ్చి అరుగు మీద కూలబడేవారు. నాకు భయమేసి, ఎండురొయ్యలు దంచి ఆ పొడి వంకాయ కూరలో కలిపేశాను. ఆ పూట మారు అడిగి తిన్నారు. నాకెంత సంతోషమో!

మూడు వారాలు అలాగే పెట్టాను. ఒకరోజు తొందరలో సరిగ్గా దంచలేదు. ఆయన పంటికి రొయ్య మీసం తగిలింది. వేలితో తీసి కంచం అంచున పెట్టారు. ఒక్క మాట అనలేదు. లేచి చెయ్యి కడుక్కున్నారు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు, నేను ఏం వడ్డించినా ముద్ద నోటిదాకా వచ్చి ఒక్క క్షణం ఆగేది. కావాలని చేసేవారు కాదమ్మా, చెయ్యి దానంతటదే ఆగేది. ఎదురుగా కూర్చుని అది చూసేదాన్ని.

నాన్న చిక్కిపోతే నీకూ జాలేస్తుంది. అప్పుడు పెసరట్టు వెయ్, ఉలవ గుగ్గిళ్లు పెట్టు, పెరుగు ఇంకో గరిటె వెయ్. గుడ్డు తింటాడో లేదో వాడినే అడుగు. బి12 విటమిన్ మొక్కల్లో దొరకదు. పాలూ పెరుగులో కొంత ఉంటుంది. వాడు షుగరుకు వేసుకునే మెట్‌ఫార్మిన్ కూడా దాన్ని తగ్గించవచ్చు. డాక్టరుతో చెప్పి రక్తపరీక్ష చేయించు. అరికాళ్లు తిమ్మిరి అంటే వయసులే అని వదిలెయ్యకు.

ఇంకోటి. కోడికూరలో పెట్టిన గరిటే పప్పులోనూ పెట్టే అలవాటు నీకుంది, నేను చూశాను. ఇవాళే మానుకో. వాడికి వేరే గరిటె, వేరే మూకుడు. గట్టిగా అన్నానని బాధపడకు. ఎనిమిదేళ్లప్పుడు నాన్నకు జ్వరమొస్తే పీటెక్కి చారు కాచిన పిల్లవి నువ్వు. ఆ చారులో ఉప్పు మరిచిపోయావు. వాడు గ్లాసుడూ తాగేశాడు.

ఈ వారం మామిడికాయలు వస్తాయి. వెల్లుల్లి కూడా మానేశాడేమో కనుక్కుని ఫోన్ చెయ్యి. అప్పటిదాకా ఆవకాయ కలపను.

మీ మేనత్త